సుడి, బిలం, ఎర్రసిరా



ఈసారి పద్యాన్ని గూర్చి కాని, వ్యాకరణాన్ని గూర్చి కాని వ్రాయబోవడం లేదు. లారీ ఇంజనులోనికి గాలిని కూరే ఒక చిన్న యంత్రాన్ని గూర్చి, అందులోనూ ఆ యంత్రపు పైతొడుగును గూర్చి వ్రాస్తున్నాను. తెలుగు పండితునికి టర్బోతో ఏమి పని అని మీరు నవ్వవచ్చు. నాకూ నవ్వే వచ్చేది, 1991 నాటి సంగతి ఒకటి అడ్డు రాకపోయినట్లయితే.

అప్పట్లో నేను ఆళ్ళగడ్డ ప్రాంతంలో ఒక ఉన్నత పాఠశాలలో తెలుగు చెప్పేవాడను. పదవ తరగతి పిల్లలకు "నేను చూచిన పుణ్యక్షేత్రము" అని వ్యాసం ఇచ్చినాను. మా వైపు పిల్లలకు పుణ్యక్షేత్రమంటే అహోబిలమే. నలభైమందీ దాదాపు ఒకే వ్యాసం వ్రాసినారు. దిగువ అహోబిలంలో ప్రహ్లాదవరదుడు, ఎగువ అహోబిలంలో ఉగ్రమూర్తి, మొత్తము నవనారసింహులు, ఉగ్రస్తంభము, రక్తకుండము, చెంచులక్ష్మి కల్యాణము, కనుమనాడు మొదలయ్యే పారువేట. నేను చెప్పినవే నాకు తిరిగి వచ్చినవి. ఒక్క పిల్లవాడు మాత్రం మూడు పుటల నిండా నీళ్ళను గూర్చి వ్రాసినాడు. ఎగువ అహోబిలం నుండి జ్వాలానరసింహుని దగ్గరకు పోయే దారిలో భవనాశిని దాటవలసి వస్తుంది గదా, అక్కడ ఒక పెద్ద బండ వెనుక నీళ్ళు వెనక్కు తిరుగుతున్నవట. ఒక మోదుగాకు వేసినాడట. ఏరంతా కిందికి పోతుంటే ఆకు మాత్రం "ఎగదాళికి" పోయిందట. బండను తాకి మళ్ళీ ప్రవాహంలో పడి, కొంత దూరం పోయి, మళ్ళీ వెనక్కు వచ్చిందట. ఎన్నిసార్లు తిరిగిందో లెక్కపెట్టినాడు. పదకొండు సార్లు. దేవుని పేరు వ్యాసంలో ఒక్కచోటనైనా లేదు.

ఎర్రసిరాతో అడ్డంగా గీత కొట్టి, "విషయం విడిచి సాము" అని వ్రాసి, 25కు 2 మార్కులు వేసినాను. అంతటితో ఊరుకొన్నా బాగుండేది. తరగతిలో బిగ్గరగా చదివి వినిపించినాను. "ఎగదాళికి" అన్నచోట ఆగి, ఆ మాటను రెండుసార్లు పలికినాను. పిల్లలందరూ నవ్వినారు. నేనూ నవ్వినాను.

ఆ సంవత్సరమే ఆ పిల్లవాడు బడి మానినాడు. వాళ్ళ నాయన లారీ డ్రైవరు, ఏదో ప్రమాదంలో కాలు విరిగి మంచాన పడినాడని తరువాత విన్నాను. కనుక బడి మానడానికి కారణం నేనే అని చెప్పుకోవడం కూడా ఒక విధమైన ఆత్మస్తుతి అవుతుందేమో. కాని ఆ నవ్వు నాకు జ్ఞాపకం ఉన్నది. 34 ఏండ్లు పాఠాలు చెప్పి 2016లో పదవీ విరమణ చేసిన తరువాత, నిద్ర పట్టని రాత్రులలో జ్ఞాపకం వచ్చేవి మనం బాగా చెప్పిన పాఠాలు కావు.

2023లో శ్రావణమాసంలో ఒకనాటి సాయంకాలం నంద్యాలలో మా ఇంటి ముందర ఒక మోటారు సైకిలు ఆగింది. నడివయస్కుడు, చేతులకు నల్లటి మరకలు, చంకలో గోనెసంచి. "సార్, బాగుండారా? నన్ను గుర్తుపట్టినారా?" అన్నాడు. పేరు చెప్పకముందే గుర్తుపట్టినాను. గుర్తుపట్టినట్లు చెప్పడానికి మాత్రం కొంతసేపు పట్టింది.

అతనికిప్పుడు సొంతంగా టర్బోలు బాగుచేసే షెడ్డు ఉన్నది. బేతంచెర్ల నాపరాళ్ళ లారీలు, సిమెంటు లారీలు, గిద్దలూరు ఘాటు ఎక్కి దిగే లారీలు, అన్నీ అతని దగ్గరకు వస్తాయి. ఆరుగురు పిల్లలు పని నేర్చుకొంటున్నారు. కంపెనీవాళ్ళ పుస్తకాలన్నీ ఇంగ్లీషులో ఉన్నవి, పిల్లలకు రావు. చేతిపని చూపిస్తే నేర్చుకొంటారు కాని ఎందుకు అట్లా చేయవలెనో తెలియక సొంత తెలివి ఉపయోగించి చెడగొడుతున్నారు. "ఒకడైతే సార్, గుల్ల లోపలుండే సందును చూసి పగులు వచ్చిందనుకొని ఎమ్‌సీల్ పెట్టి మూసేసినాడు. ఆ లారీ ఘాటు ఎక్కుతా ఎక్కుతా దగ్గడం మొదలుపెట్టింది. వాళ్ళకు తెలుగులో ఒక కాగితం రాసియ్యల్ల సార్, గోడకు అంటిస్తా" అన్నాడు. గోనెసంచిలో నుండి రంపంతో నిలువుగా కోసిన అల్యూమినియం గుల్ల ఒకటి తీసి అరుగు మీద పెట్టినాడు.

ఇక్కడ మిత్రులకు కొంచెం యంత్రశాస్త్రం తప్పదు. నేను అర్థం చేసికొన్నంతవరకే చెబుతాను.

ఇంజనులో ఇంధనం మండడానికి గాలి కావలె. ఎక్కువ గాలి కూరితే ఎక్కువ ఇంధనం మండించి ఎక్కువ బలం రాబట్టవచ్చును. పొగగొట్టం గుండా వృథాగా పోయే వేడివాయువు చేత ఒక చక్రాన్ని తిప్పించి, అదే ఇరుసుకు రెండవ కొసన ఉన్న మరొక చక్రంతో గాలిని కూరించవచ్చునన్న ఆలోచనకు స్విట్జర్లండు దేశస్థుడైన ఆల్ఫ్రెడ్ బ్యూకి 1905లోనే పేటెంటు తీసికొన్నాడు. అదే టర్బో. గాలిని కూరే ఆ రెండవ చక్రం అరచేతిలో పట్టేటంత ఉంటుంది. చిన్న బండ్లలోనైతే నిమిషానికి లక్ష చుట్లకు పైగా తిరుగుతుంది. గాలి చక్రం నడినెత్తిన ప్రవేశించి, రెక్కల మధ్య సుడి తిరుగుతూ అంచులకు విసరబడి, చుట్టూ ఉన్న నత్తగుల్ల వంటి తొడుగులో చేరి, వేగం తగ్గించుకొని ఒత్తిడిగా మారుతుంది.

చిక్కు ఎక్కడ వస్తుందంటే, గాలి తక్కువగా పారుతూ ఒత్తిడి ఎక్కువగా ఉండవలసిన సమయంలో. బరువైన లారీ పెద్ద గేరులో మెల్లగా ఎత్తు ఎక్కుతున్నదనుకొనండి. ఇంజను మెల్లగా తిరుగుతుంది కనుక కొంచెం గాలినే తీసికొంటుంది, కాని భారం ఎక్కువ. అప్పుడు చక్రపు రెక్కల అంచుకు గాలి సరియైన కోణంలో తగలదు. రెక్కను అంటుకొని పారవలసిన గాలి విడివడిపోతుంది. ముందున్న ఒత్తిడిని చక్రం నిలుపలేక, కూరిన గాలి ఒక్కసారిగా వెనక్కు తంతుంది. వెంటనే మళ్ళీ ముందుకు పోతుంది. మళ్ళీ తంతుంది. దీనిని సర్జ్ అంటారు. అట్లాగే సాగనిస్తే చక్రం, ఇరుసు, బేరింగులు దెబ్బతింటాయి.

దీనికి మందు తొడుగులో ఉన్నది. ఇదే నన్ను ఆశ్చర్యపరచినది. నేను చక్రమే సర్వస్వమనుకొన్నాను, తొడుగు కేవలం మూత అనుకొన్నాను. కోసిన గుల్లలో అతడు చూపించినాడు. చక్రం రెక్కలు మొదలైన చోటికి కొంచెం లోపలగా, తొడుగు గోడలో చుట్టూరా ఒక సన్నని సందు కోసి ఉన్నది. ఆ సందు వెనుక ఉంగరం వంటి ఖాళీ గది. ఆ గది రెండవ కొస చక్రానికి ముందు, గాలి లోనికి వచ్చే నోటి దగ్గర తెరచుకొంటుంది. గాలి తక్కువైనప్పుడు సందు దగ్గర ఒత్తిడి నోటి దగ్గర కంటె హెచ్చుగా ఉంటుంది. కనుక చక్రంలోనికి పోయిన గాలిలో కొంత భాగం సందులో దూరి, గది గుండా వెనక్కు నడచి, నోటి దగ్గర బయటపడి, మళ్ళీ చక్రంలోనికి వెళ్ళుతుంది. ఇంజను తీసికొనే గాలి తక్కువే అయినా, రెక్కల మొదట మాత్రం ఎక్కువ గాలి పారుతున్నట్లవుతుంది. రెక్క అంచుకు గాలి తగిలే కోణం సర్దుకొంటుంది. చక్రం నిలదొక్కుకొంటుంది.

అంతకంటె చిత్రం, అదే సందు తిరగేసి కూడా పనిచేస్తుంది. ఇంజను జోరుగా తిరుగుతూ అమితంగా గాలి కోరినప్పుడు సందు దగ్గర ఒత్తిడి నోటి దగ్గర కంటె తగ్గిపోతుంది. అప్పుడు గాలి గదిలో నుండి ముందుకు నడచి, ఇరుకైన రెక్కల గొంతును తప్పించుకొని, సందు గుండా అడ్డదారిన చక్రంలో చేరుతుంది. కదిలే భాగం ఒక్కటీ లేదు. మీట లేదు, తలుపు లేదు. ఎటు పోవలెనో గాలే నిర్ణయించుకొంటుంది. లారీల టర్బోలలో ఈ ఏర్పాటు 1980ల దశకం నుండే ఉన్నదట. అంటే నేను ఎర్రసిరా పట్టుకొని కూర్చున్ననాటికే.

ఇక సుడి మాట. వెనక్కు వచ్చే గాలి ఊరకే రాదు. చక్రంతో పాటు తిరిగి వచ్చింది కనుక ఆ తిరుగుడును కూడా వెంట తెస్తుంది. చక్రం ఎటు తిరుగుతున్నదో అటే సుడి తిరుగుతూ వచ్చే గాలిని చక్రం ఒడిసి పట్టలేదు. పరుగెత్తే బండితో సమంగా పరుగెత్తే మనిషిని బండి ఢీకొనలేదు గదా, అటువంటిది. రెక్క గాలికి చేసే పని తగ్గుతుంది, ఒత్తిడి పడిపోతుంది. చక్రం చేసే పనికీ, లోనికి వచ్చే సుడికీ, బయటికి పోయే సుడికీ ఉన్న లెక్కను 18వ శతాబ్దంలోనే ఆయిలర్ కట్టిపెట్టినాడు. అందువల్ల తొడుగు రూపకల్పన చేసేవారు ఆ ఉంగరపు గదిలో చిన్న చిన్న పలకలు నిలుపుతారు. అవి కొన్ని నమూనాలలో సుడిని మాన్పి గాలిని తిన్నగా పంపుతాయి, కొన్నిటిలో ఎదురు సుడి కూడా కల్పిస్తాయి. ఎదురు సుడి వల్ల ఒత్తిడి పెరుగుతుంది కాని కోణం మళ్ళీ చెడుతుంది. కొంత సుడి ఉంచితే కుదురు ఎక్కువ, ఒత్తిడి తక్కువ. ఎంత ఉంచవలె, ఎంత తీయవలె అన్నదే విద్య అంతా. పైగా ఒకసారి కూరబడి వేడెక్కిన గాలినే మళ్ళీ కూరుతున్నాము కనుక కొంత శ్రమ వృథా. రెక్కల ఈల సందు గుండా బయటికి వినబడడం మరొక బాధ, దానికి అడ్డుకట్టలు వేరే ఉన్నవి.

మా బావమరిది హైదరాబాదు శివార్లలోని రామచంద్రపురంలో బి.హెచ్.ఇ.ఎల్.లో పనిచేసి విరమించినాడు. ఎరువుల కర్మాగారాలకూ చమురు శుద్ధి కర్మాగారాలకూ కావలసిన పెద్ద సెంట్రిఫ్యూగల్ కంప్రెసర్లు అక్కడ తయారవుతాయి. ఫోను చేసి అడిగినాను. "మా పెద్దవాటికి వెనక్కు తెచ్చే పని బయట గొట్టం వేసి, కవాటం పెట్టి చేస్తాము బావా. కూరిన వాయువును కొంత మళ్ళీ మొదటికి తెస్తాము. సుడి మాన్పే పలకలు మావాటిలోనూ ఉంటాయి, ఒక చక్రం నుండి మరొక చక్రానికి పోయే మలుపులో" అన్నాడు. తరువాత, "ఈ వయసులో నీకు ఇదేమి పిచ్చి?" అన్నాడు. కారణం చెప్పలేదు.

నేను వారం రోజులు కూర్చొని కాగితం తయారుచేసినాను. పండితుడు కాగితం తయారుచేస్తే ఎట్లా ఉంటుందో మీకు తెలుసు. కంప్రెసరు సంపీడకము. ఇంపెల్లరు ప్రేరకచక్రము. నత్తగుల్ల శంఖకోశము. సుడి ఆవర్తము. వెనక్కు రావడం పునరావర్తనము. సర్జ్ అన్నదానికి చాలా ఆలోచించి "పోటు" అని పెట్టి, సముద్రపు పోటు, గుండెపోటు రెండింటికీ సరిపోయిందని నాలో నేనే మురిసిపోయినాను. సందుకు మాత్రం "బిలము" అన్నాను. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ పుస్తకాలు చదివినవాళ్ళకు ఈ ధోరణి కొత్తేమీ కాదు.

అతడు షెడ్డులో నిలబడి మొత్తం చదివినాడు. మెల్లగా, పెదవులు కదుపుతూ. "బాగుంది సార్" అన్నాడు. నా తరగతిలో పిల్లలు పద్యం అర్థం కానప్పుడు సరిగ్గా ఆ గొంతుతోనే "అర్థమైంది సార్" అనేవాళ్ళు.

కార్తికమాసంలో ఇద్దరమూ అహోబిలం వెళ్ళినాము. పిలిచింది నేనే. దిగువన దర్శనం చేసికొని, ఎనిమిది కిలోమీటర్ల ఘాటు ఎక్కి ఎగువ సన్నిధికి చేరినాము. మెట్ల దగ్గర డోలీవాళ్ళు నా వయసు చూచి అడిగినారు. వద్దన్నాను. వానలు వెనుకబడినా భవనాశిలో నీళ్ళు ఉన్నవి. దారి పొడవునా నేను క్షేత్రనామాన్ని గూర్చి చెబుతూ వచ్చినాను. దేవతలు స్వామి బలం చూచి "అహో బలం" అన్నారని ఒక వాడుక, స్వామి వెలసిన గుహను బట్టి "అహో బిలం" అన్నారని ఒక వాడుక. ఎఱ్ఱన నృసింహపురాణం సంగతీ చెప్పినాను. అలవాటు పోదు. అతడు వింటూ నీళ్ళకేసి చూస్తున్నాడు.

ఆ బండ ఇంకా ఉన్నది. లేదా అటువంటిదే మరొకటి. అతడే ఒక ఆకు తుంచి వేసినాడు. ఆకు ప్రవాహంలో కొంత దూరం పోయి, బండ నీడలో చిక్కి, తిరిగి, ఎగువకు వచ్చింది. అరవై అయిదేండ్ల వయసులో నేను మొదటిసారి చూచినాను. అహోబిలానికి ఎన్నిసార్లు వచ్చి ఉంటానో లెక్కలేదు.

"మీ గుల్లలోనూ ఇదే గదా జరుగుతున్నది" అన్నాను, ఉపమానం దొరికిన సంతోషంతో.

"కాదు సార్. చూసేదానికి ఒకటే లెక్క ఉంటాది. ఈడ బండ అడ్డమొచ్చినందుకు దాని ఎనక నీళ్ళు తిరుగుతాండాయి. మన గుల్లలో అడ్డమేం లేదు. లోపల ఒత్తిడి ఎక్కువై, పోను సందు ఉండాది కాబట్టి ఎనక్కి వస్తాది. పిల్లోళ్ళకు బండ అని చెప్తే గుల్లలో బండ యాడుంది అని ఎతుకుతారు" అన్నాడు.

పూర్ణోపమకు నాలుగంగాలు ఉండవలెనని నలభైయేండ్లుగా చెప్పుకొంటూ వచ్చినవాణ్ణి. ఉపమానం ఎక్కడ విరుగుతుందో నాకు చూపించినవాడు నేను 25కు 2 వేసినవాడు.

అప్పుడు అడిగినాను. "నాయనా, పదవ తరగతిలో నీవు ఈ ఆకును గూర్చే ఒక వ్యాసం వ్రాసినావు. నేను దానిని తరగతిలో చదివి నవ్వించినాను. గుర్తున్నదా?"

వెంటనే జవాబు చెప్పలేదు. మరొక ఆకు కోసం చూచి, దొరకక, చేతిలోని పుల్లను నీళ్ళలోనికి విసిరినాడు.

"గుర్తుండాది సార్. ఇంటికాడ చెప్పలేదు. నాయన అడిగినాడు, వ్యాసానికి ఎన్నొచ్చినాయని. పద్దెనిమిది అని చెప్పినా."

"తప్పు చేసినాను" అన్నాను.

"ఊఁ" అన్నాడు.

అంతే. అతడు నన్ను క్షమించినాడో లేదో నాకు తెలియదు. పరవాలేదు సార్ అంటాడేమోనని ఎదురుచూచినాను, అనలేదు. అనకపోవడమే న్యాయమని ఇప్పుడు అనిపిస్తున్నది. కొంతసేపు ఇద్దరమూ పుల్ల తిరగడం చూచినాము. ఎన్ని సార్లు తిరిగిందో నేను లెక్కపెట్టలేదు, అతడు లెక్కపెట్టినాడో ఏమో. తరువాత తానే, "జ్వాలకు పోదాం పదండి సార్, ఎండ ఎక్కువైతే మీకు కష్టం" అన్నాడు. జారుడు బండల దగ్గర నా మోచేయి పట్టుకొన్నాడు. రక్తకుండం దగ్గర కూర్చొని పులిహోర తిన్నాము.

దిగివచ్చేటప్పుడు కాగితం మాట ఎత్తినాడు. "ఆ కాగితం మళ్ళీ రాయండి సార్. మా పిల్లోళ్ళు అనుకొనే మాటల్తో. సుడిని సుడి అనే రాయండి. గుల్లను గుల్ల అనే. ఆ పోటు గీటు వద్దు సార్, మావాళ్ళు దగ్గు అంటారు. బండి దగ్గుతాంది అంటే ఎవరికైనా తెలుస్తాది." కొంచెం ఆగి, "బిలం మాత్రం ఉండనీయండి సార్. అహోబిలం తెలీనోడు మన పక్క ఎవుడుండాడు? బిలం మూయగాకండి రా అంటే మూయరు" అన్నాడు.

ఇంకొక మాట కూడా అన్నాడు. "రాసినాక నేనొకసారి చూస్తా సార్. తప్పులుంటే దిద్దుతా. ఎర్రసిరాతో కాదులెండి."

వ్రాసి పంపినాను. ఒక పుట, పెద్ద అక్షరాలు. చక్రం, గుల్ల, సుడి, దగ్గు, బిలం. గాలి ఎప్పుడు వెనక్కు వస్తుంది, ఎప్పుడు అడ్డదారిన ముందుకు పోతుంది. గదిలోని పలకలు వంగితే ఎందుకు పారేయవలె. గాలి వడపోత దుమ్ముతో నిండితే దగ్గు ఎందుకు త్వరగా వస్తుంది. బిలాన్ని కిరసనాయిలుతో కడగవలెనే గాని ఎందుకు మూయరాదు. అతడే బొమ్మ గీసి అంటించుకొంటానన్నాడు.

నాలుగు రోజుల తరువాత కాగితం తిరిగి వచ్చింది. తొమ్మిది చోట్ల దిద్దినాడు. పెన్సిలుతో. "వెనుకకు మరలును" అన్నచోట "ఎగదాళికి పోతాది" అని ఉన్నది. కిరసనాయిలు కొట్టివేసి డీజిలు అని వ్రాసినాడు.